మెట్ట మీద కిటికీ

తుఫాను వస్తోందని పొద్దున్నే మైకులో చెప్పారు. ఆ మాట పూర్తి కాకముందే జ్ఞానవతమ్మ బట్టల సంచి సర్దేసుకుంది. టీ కాస్తున్న పెద్దకోడలు సిల్వియాకి ఒళ్ళు మండిపోయింది.

మండదూ మరి! ఏడాది పొడుగునా అత్తగారుండేది వాగు పక్కన సిల్వియా రేకుల ఇంట్లో. కాళ్ళకు నూనె రాసేది సిల్వియా. తుఫాను అంటే చాలు, మెట్ట మీదున్న చిన్నకోడలు క్యారొలిన్ స్లాబు ఇంటికి పరుగు!

“నువ్వూ రావే. షిప్పు కేన్సిలట, నీ మొగుడు స్టీవెన్ పోర్ట్ బ్లెయిర్లోనే ఉండిపోయాడు. ఒక్కదానివీ ఏటి చేస్తావు?”

“సముద్రం ఎక్కడో ఉంది. ఇంత లోపలికి ఏమొస్తుంది? ఎప్పుడూ పెరటి దాకా వచ్చి పోయే వాగు నీళ్ళే కదా! మీరెళ్ళండి, మీ ముద్దుల కోడలు ఎదురుచూస్తోంది.”

“సముద్రం కాదే, కొండ నీళ్ళొస్తాయి,” అంటూనే ముసలావిడ కర్ర పుచ్చుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి కొండ నీళ్ళే వచ్చాయి. కోళ్ళగూడు తేలిపోయింది, గుమ్మంలోకి బురద ఎక్కింది. అయినా సిల్వియా కదల్లేదు. పైన అత్తాకోడళ్ళు వేడివేడి పకోడీలు తింటూ తన గురించి నవ్వుకుంటున్నారనుకుని కుళ్ళిపోయింది.

అంతలో మోకాటి లోతు నీళ్ళలో కర్ర పొడుచుకుంటూ అత్తగారు! వెనకాల “రుకో అత్తయ్యా, ఆగండి!” అని అరుస్తూ క్యారొలిన్.

జ్ఞానవతమ్మ వచ్చి మంచమెక్కి కూచుంది. “నువ్వొస్తే వస్తాను. లేదంటే ఇద్దరం ఇక్కడే.”

“నేనేమైపోతే మీకేం? ప్రతిసారీ నన్నొదిలేసి పోయేవారే కదా!” అంది సిల్వియా.

“పిచ్చిదానా! నీళ్ళొచ్చాక నన్ను మొయ్యలేక నువ్వు అవస్థ పడకూడదనే ముందు పోతాను.”

క్యారొలిన్ ఇక ఆగలేకపోయింది. “నీకేం తక్కువక్కా? మా ఇంటికొచ్చి ఈవిడ చేసేదేటి? కిటికీ దగ్గర కూచుని మీ రేకులు చూడ్డం! ‘సిల్వియా తిన్నాదో లేదో’ అంటూ నేను పెట్టిన ముద్ద ముట్టదు. నాకెంత కడుపు మండుతుందో తెలుసా?”

తన కడుపుమంటే ఈ పిల్లకీ ఉందా అనుకుంది సిల్వియా. కళ్ళు తుడుచుకుని నూనె సీసా కొంగున కట్టుకుంది. ఇద్దరూ చెరో చెయ్యి పట్టుకుని ముసలావిడని మెట్ట ఎక్కించారు.

కిటికీ పక్కన కుర్చీ ఉంది. కిటికీలోంచి నిజంగానే సిల్వియా ఇంటి నీలం రేకులు కనిపిస్తున్నాయి. జ్ఞానవతమ్మ ఆ కుర్చీని వంటగది వైపు తిప్పుకుని కూచుంది.

“క్యారొలిన్, ఆకలేస్తోందే. అన్నం పెట్టు.”

ఆ ఇంట్లో ఆవిడ అన్నం అడగడం అదే మొదలు. క్యారొలిన్ గరిటె పట్టుకునే బావురుమంది.