బ్రేకు మీద పాదం

దగ్గరకు జరగండి. ఆ తలుపు కాస్త ఓరగా వేసి రండి, గాలికి కొట్టుకుంటోంది. ఇది బ్రేకుల కథ. ఇనప చట్రాల్లో కథేముంటుందని నవ్వకండి. ఒక మనిషి ప్రాణమూ, ఒక అక్కాతమ్ముళ్ళ అనుబంధమూ ఒక్క పెడల్ కిందే నలిగిపోయాయి. వినండి.

నీలం జీపు క్వారీ దారి చివరి మలుపు కింద, బండరాళ్ళ మధ్య పక్కకు ఒరిగి ఉంది.

స్టీరింగు వెనక గ్యారేజీ యజమాని. ప్రాణం లేదు. కుడికాలు మాత్రం బ్రేకు పెడల్ మీదే ఉంది. ఇంకా తొక్కుతున్నట్టే, పిక్క బిగుసుకుపోయి ఉంది.

ఇన్‌స్పెక్టర్ వంగి ఆ కాలినే చూస్తూ చాలాసేపు ఉండిపోయింది. ఆవిణ్ణి ఊళ్ళో అంతా నిదానమ్మ అనేవారు. నడకా నిదానమే, మాటా నిదానమే. ఆవిడ వేడి టీ తాగడం స్టేషన్లో ఎవరూ చూడలేదు. ఎప్పుడూ చల్లారబెట్టుకునే తాగేది.

శవాన్ని బయటికి తీశాక ఆవిడ చేత్తో పెడల్ నొక్కింది.

రాయిలా ఉంది.

"ఇదేంటి మేడమ్?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "పెడల్ గట్టిగానే ఉంది. పైపు తెగలేదు, ఆయిల్ కారలేదు. బ్రేకులు భేషుగ్గా ఉన్నాయి. మరి బండెందుకు ఆగలేదు?"

"బ్రేకు తొక్కాడో లేదో?"

"తొక్కాడు. పైనుంచి చూసినవాళ్ళంతా చెప్తున్నారు. వెనక ఎర్రలైటు వెలుగుతూనే ఉందట. బండి మాత్రం వెళ్ళిపోతూనే ఉందట."

నిదానమ్మ మరోసారి పెడల్ నొక్కి చూసింది.

ఆ ఉదయం జరిగింది పోటీ. రెండూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ జీపులు. ఎర్రదానికి కంపెనీ ఇచ్చిన బ్రేకులే. నీలందానికి కొత్త కిట్: వెడల్పాటి డిస్కులు, వాటిని బిగించి పట్టే పెద్ద కాలిపర్లు, కొత్త ప్యాడ్లు. కొండ మీంచి కిందిదాకా బ్రేకుల మీదే దిగాలి. గుర్తు పెట్టిన చోటల్లా ఆపాలి. ఏది తొందరగా ఆగుతుందో, ఏది వేడికి లొంగిపోతుందో చూడాలి.

ఎర్ర జీపు నడిపింది పోయినాయన సొంత అన్న. డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు, అందరికీ మాస్టారే. ఊళ్ళో సగంమందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఆయనే. 'బ్రేకు పాదంలో ఉంటుంది, చక్రంలో కాదు' అన్నది ఆయన ఊతపదం. తమ్ముడు గ్యారేజీలో కొత్త కిట్లు బిగించడం మొదలెట్టినప్పటి నుంచి ఆ మాటకి జనం నవ్వడం నేర్చుకున్నారు.

మాస్టారు రోడ్డు మీద తన ఎర్ర జీపుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"మీరు ముందు దిగారా?"

"ఆఁ. ప్యాడ్లు మాడిన వాసన వచ్చింది. అయినా ఆగింది. నాకు చాలదా అది?"

"మీ తమ్ముడు?"

"పైమలుపుల్లో నాకంటే బాగానే ఆపాడు. ఆఖరి మలుపులో..." ఆయన కింద పడున్న నీలం జీపు వైపు చూశాడు. "ఆ కిట్ బిగించిన వాడి బావమరిదిని అడగండి. వాడి చేతిపనే కదా!"

నిదానమ్మ చూపు ఎర్ర జీపు బానెట్ మీద పడింది. మెరిసే పెయింట్ మధ్య గుండ్రటి గీతలో బొబ్బలు లేచాయి. పక్కనే తుడిచినట్టు ఒక చార. వేలు పెడితే పెయింట్ తోలులా ఊడొచ్చింది.

"ఇదేమిటి?"

"ఎండ దెబ్బ. పాత బండి కదండీ."

ఆవిడ వేలికంటిన ఎర్రటి పొరను రుమాల్లో మడుచుకుంది.

గ్యారేజీ వెనకే ఇల్లు. పోయినాయన భార్య గుమ్మంలో కూర్చుని ఉంది. ఏడవడం లేదు. అది చూసే భయమేసింది నిదానమ్మకి.

"బ్రేకులు బిగించింది మీ తమ్ముడేనా అమ్మా?"

"వాడే. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వడు."

"ఇద్దరికీ గొడవలేమైనా?"

"నిన్న సాయంత్రం. ఒక్కసారి ఖాళీ దారిలో తిప్పి చూద్దాం బావా, అన్నాడు. 'మా అన్న ముందు నా పరువు తీస్తావా' అని ఈయన గదమాయించారు. వాడికి కోపమొచ్చి... 'నీ ఖర్మ, పోయి చావు' అన్నాడు. నా చెవులతో విన్నాను. ఇంక వాడి మొహం నాకు చూపించకండి."

ఆ తమ్ముడు స్టేషన్లో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. గోళ్ళనిండా నల్లటి గ్రీజు. కళ్ళు వాచిపోయాయి.

"అక్క ఏమైనా అందా మేడమ్?"

నిదానమ్మ రెండు టీలు తెప్పించి ఒకటి వాడి ముందు పెట్టింది. "కొత్త కిట్‌లో ఏం పోశావు?"

"బ్రేకు నూనె, కొత్త డబ్బా ఫ్లూయిడ్. సీలు నేనే తీశాను."

"తీసి వెంటనే పోశావా?"

"లేదు. గేటు దగ్గర లారీ వచ్చింది. డిస్కుల పెట్టెలు దించుకోమంటే వెళ్ళాను. పెద్దబావ తన జీపు ఆపుకుని అక్కడే ఉన్నారుగా, చూస్తుంటారని..."

"పెద్దబావ అంటే మాస్టారు?"

"ఆయనే. 'ఈ నూనెకి అంత జాగ్రత్తేంట్రా' అని అడిగారు. దీన్లో నీళ్ళు చేరకూడదు పెద్దబావా, వేడికి పెడల్ మెత్తబడిపోతుంది, అని చెప్పి వెళ్ళాను."

చెయ్యి తగిలి వాడి కప్పు ఒరిగింది. కొత్తగా పెయింట్ వేసిన బల్ల మీద టీ పారింది. హెడ్ గుడ్డ తీసుకుని పరుగెత్తుకొచ్చాడు.

వాడు గుడ్డని ఆపాడు. పక్కనున్న నీళ్ళ సీసా అందుకుని బల్ల మీద గబగబా కుమ్మరించాడు.

"ఓరి నీ! ఫైళ్ళు తడిసిపోయాయి కదరా!" హెడ్ లబోదిబోమన్నాడు. "టీ పడితే తుడుస్తారుగానీ స్నానం చేయిస్తారా?"

వాడు సిగ్గుపడిపోయాడు. "అలవాటు సార్. బ్రేక్ ఫ్లూయిడ్ పెయింట్ మీద పడితే తినేస్తుంది. తుడిస్తే ఇంకా పాకుతుంది. నీళ్ళు పోసి కడిగేయాలి. అందుకే పని దగ్గర ఒక మగ్గు నీళ్ళు ఎప్పుడూ పెట్టుకుంటాను."

నిదానమ్మ కప్పు పెదాల దగ్గరే ఆగిపోయింది.

"ఆ రోజు ఆ మగ్గు?"

"తిరిగొచ్చేసరికి ఖాళీగా ఉంది. ఎవరో చేతులు కడుక్కున్నారనుకున్నా."

"నేల తడిగా ఉందా?"

వాడు ఆలోచించాడు. మొహంలో రంగు మారింది.

"లేదు మేడమ్. పొడిగా ఉంది."

మర్నాడు గ్యారేజీ ఆవరణలో అందర్నీ కూర్చోబెట్టింది. మాస్టారు వచ్చాడు. ఎర్ర జీపు కూడా వచ్చింది, కానీ దాని మీద మందపాటి ముసుగు కప్పి ఉంది. దుమ్ము పడుతోందట. గుమ్మం దగ్గర ఆ ఇల్లాలు నిలబడింది. తమ్ముడి వైపు చూడలేదు.

స్టవ్ మీద రెండు చిన్న గిన్నెలు.

"ఇందులో సీలు తీసిన కొత్త ఫ్లూయిడ్. అందులో నీలం జీపు కాలిపర్‌లోంచి తీసింది. రంగులో తేడా ఉందా?"

"లేదు," అన్నాడు హెడ్.

మంట వెలిగింది. కాసేపటికి రెండో గిన్నెలో బుడగలు లేచాయి. చిటపటలాడుతూ ఆవిరి కక్కింది. మొదటి గిన్నె మాత్రం చెరువులా నిశ్చలంగా ఉంది.

"నీళ్ళు," అంది నిదానమ్మ. "కొండ దిగుతుంటే బ్రేకులు కాలాయి. ఆ నీళ్ళు ఆవిరయ్యాయి. ఆవిరిని ఎంత నొక్కినా అణిగిపోతుందే గానీ బ్రేకు చక్రాన్ని పట్టదు. పెడల్ నేలకి దిగిపోయింది. మనం వెళ్ళేసరికి అంతా చల్లారి, పెడల్ మళ్ళీ రాయైంది. నా టీ లాగే, నేను దాన్ని కూడా చల్లారాకే చూశాను. అందుకే మొదట మోసపోయాను."

"అయితే పోసింది వాడే!" మాస్టారు లేచాడు.

"పోసింది వాడే. డబ్బాలో నీళ్ళున్నాయని తెలియక. కొంత బయట పారబోసి, మగ్గులో నీళ్ళతో నింపింది ఇంకొకరు. పారబోస్తున్నప్పుడు డబ్బా అంచు తడిసింది. ఆ తడి డబ్బాని దగ్గర్లో ఉన్న బండి మీద పెట్టారు. పెయింట్ మీద ఫ్లూయిడ్ పడితే ఈ పనివాడు ఏం చేస్తాడు?"

"నీళ్ళు పోస్తాడు," అన్నాడు హెడ్, తన ఫైళ్ళు గుర్తొచ్చి.

"తెలియనివాళ్ళు?"

"తుడుస్తారు."

నిదానమ్మ ముసుగు లాగేసింది. నీలం జీపుకి వాడిన ఖాళీ డబ్బాని బానెట్ మీది బొబ్బల వలయంలో నెమ్మదిగా పెట్టింది. అచ్చుగుద్దినట్టు సరిపోయింది. పక్కనే తుడిచిన చార.

మాస్టారు ఆ బండి పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు.

"వాడు ఓడిపోతే చాలనుకున్నానమ్మా. పెడల్ కాస్త మెత్తబడుతుంది, గేరు దించుకుని వస్తాడు, అందరి ముందూ ఒక్కసారి తలొంచుకుంటాడు, అంతే అనుకున్నాను. వాడికి డ్రైవింగ్ నేర్పింది నేనే. నా తమ్ముణ్ణి నేను చంపుకుంటానా?"

గుమ్మం దగ్గరి ఇల్లాలు మెల్లిగా మెట్లు దిగి ఆయన ముందు నిలబడింది.

"బ్రేకు పాదంలో ఉంటుందని మీరే కదా నేర్పారు బావగారూ. ఆయన పాదం తీయలేదు. చివరిదాకా తొక్కే ఉన్నారు."

హెడ్ వచ్చి మాస్టారి భుజం పట్టి లేపాడు.

ఆ ఇల్లాలు షెడ్డులోకి వెళ్ళింది. మూల దొర్లుతున్న మగ్గు తీసి, కుళాయి దగ్గర నింపి, తమ్ముడు పనిచేసే చోట ఎప్పుడూ ఉండే తావులో పెట్టింది. అప్పుడు వాడి మొహం చూసింది.

"లోపలికి రా చిన్నోడా. రెండు రోజులైంది తిని."

వాడు అక్కడే నిలబడి చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.

ఇదీ సంగతి. మరిచిపోకండి. ఎవరైనా మీ ముందు నా బ్రేకులు గొప్ప, నీ బ్రేకులు గొప్ప అని పంతాలకి పోతే, వాళ్ళని కూర్చోబెట్టి ఈ కథ చెప్పండి. తొందరపడకుండా, నిదానంగా చెప్పండి. డబ్బా సంగతి మరిచినా ఫరవాలేదు, మగ్గు సంగతి మరిచినా ఫరవాలేదు. చివరిదాకా తీయని ఆ పాదం సంగతి మాత్రం వదిలేయకండి.