అమ్మ జబ్బు పేరు

“మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా పేగు జబ్బు ఉండేదా?”

ఆస్పత్రివాళ్లిచ్చిన కాగితంలో అన్నీ చకచకా నింపేసిన చిన్ని, ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయింది! మర్నాడు పొద్దున్నే కొలొనోస్కోపీ, గొట్టంతో పెద్దపేగు లోపలంతా చూసే పరీక్ష. నెలరోజులుగా మలంలో రక్తం పడుతున్నా సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. కళ్లు తిరిగి పడిపోయాక గానీ భర్తకు సంగతి తెలియలేదు. ఆమె గడియారాలు బాగుచేసే మనిషి. ఏ వస్తువైనా మూత విప్పి లోపలేముందో చూస్తే తప్ప తోచదు. అలాంటిది... కన్నతల్లి ఏ జబ్బుతో పోయిందో నలభై ఆరేళ్లొచ్చినా తెలియదు!

ఆమెకు గుర్తున్నదల్లా అమ్మ గదికి మూసిన తలుపు. అప్పుడామెకు ఎనిమిదేళ్లు. తలుపు ముందు పదిహేనేళ్ల అక్క అడ్డంగా నిలబడేది. ఒకసారి తోసుకుని వెళ్లబోతే చెంప చెళ్లుమనిపించింది కూడా! “చివరి చూపు కూడా దక్కనివ్వలేదు నువ్వు!” అని పదకొండేళ్ల క్రితం నిలదీసింది చిన్ని. అక్క చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఆనాటి నుంచి మాటల్లేవు.

“తెలియదని రాసెయ్యి. దానివల్ల పరీక్షేం ఆగదు కదా!” అన్నాడు భర్త.

“నాకు తెలియాలండీ!” అంటూ ఫోను తీసింది. అవతలి నుంచి అక్క గొంతు వినగానే అడిగేసింది. “అమ్మ దేనితో పోయింది?... రేపు నాకు పెద్దపేగు పరీక్ష. ఇప్పుడైనా చెప్పు!”

“వస్తున్నా” అని పెట్టేసింది అక్క.

ఆమె వచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. తెల్లబడిన జుట్టు, మెడలో ఇంకా తీయని కొలతల టేపు... కుట్టుమిషను మీద నుంచి లేచి అలాగే వచ్చేసినట్టుంది! చిన్ని ముక్కు మూసుకుని, పరీక్షకు ముందు పేగు శుభ్రపడటానికి ఇచ్చిన పొడి కలిపిన నీళ్లు మూడో గ్లాసు తాగుతోంది.

“అలా కాదే! ఫ్రిజ్‌లో పెట్టి బాగా చల్లబడ్డాక స్ట్రాతో తాగు. నాలుక మీద పడకుండా వెనక్కి పోతుంది, వెగటు తెలియదు.”

“నీకెలా తెలుసు?”

అక్క గ్లాసు అందుకుని ఫ్రిజ్‌లో పెట్టింది. మళ్లీ అడుగుదామనుకునేలోపే కడుపు గడబిడలాడి, చిన్ని బాత్‌రూమ్‌లోకి పరుగెత్తింది! ఎదురుగా మొహం లేకపోవడమే ధైర్యమిచ్చిందేమో, బయటి నుంచి అక్క మాట్లాడసాగింది.

“అమ్మకీ ఇలాగే రక్తం పోయేది చిన్నీ... డాక్టరు దగ్గరికి వెళదామంటే, ఆ మాట పరాయివాళ్లతో ఎలా చెప్పనే అని ఏడ్చేది. నాన్నకి కూడా చెప్పనివ్వలేదు. ఆ బట్టలన్నీ నేనే ఉతికేదాన్ని. ‘చిన్నిదాన్ని లోపలికి రానివ్వకు, ఈ వాసనలో అది నన్ను గుర్తుపెట్టుకోకూడదు’ అని ఒట్టు వేయించుకుంది... పదిహేనేళ్ల పిల్లని, ఏం చేసేదాన్నే? నిన్ను కొట్టాక వంటింట్లో కూర్చుని ఎంత ఏడ్చానో నీకేం తెలుసు!”

లోపల చిన్ని నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

“పోయినేడు నాకూ ఈ పరీక్ష చేశారు. పేగులో మూడు బుడిపెలుంటే తీసేశారు. అలాగే వదిలేస్తే క్యాన్సరయ్యేవట! అమ్మదీ అదే అయ్యుంటుందన్నారు. తోడబుట్టినవాళ్లనీ చూపించుకోమన్నారు. నీకు రెండుసార్లు ఫోన్ చేశా... నువ్వు ఎత్తలేదు. చెల్లెలికి ఈ కబురు ఎవరిచేత పంపను అనుకుంటూనే ఉండిపోయా. మళ్లీ చెయ్యాల్సింది. నాదే తప్పు...”

చేతులు కడుక్కుని తలుపు తీసింది చిన్ని. ఫోను మీద అక్క పేరు కనబడితే పంతంగా బోర్లా పెట్టేసిన రోజు కళ్లముందు మెదిలింది! “అక్కా! నువ్వు నాకు అమ్మని లేకుండా చేశావనుకున్నాను... ముప్పై ఎనిమిదేళ్లు ఆ మాట నీలోనే దాచుకున్నావా!” అంటూ ఆమె మెడ చుట్టూ చేతులు వేసి బావురుమంది.

“ముందు ఆ గ్లాసు పూర్తి చెయ్యవే!” అంది అక్క, ఏడుస్తూనే.

కాలేజీ నుంచి వచ్చిన కూతురికి వాళ్లిద్దరూ చెరో మాట అందుకుని అంతా చెప్పారు. రక్తసంబంధీకుల ప్రశ్న ఎదుట చిన్ని అమ్మ గురించీ అక్క గురించీ మూడు వరుసలు రాసింది.

మర్నాడు మత్తు దిగాక డాక్టరమ్మ వచ్చింది. “రెండు బుడిపెలుంటే తీసేశాం. ల్యాబ్‌కి పంపుతున్నాం. చూడటానికి భయపడాల్సినట్టు లేవు, సరైన సమయానికే వచ్చారు. మీ అమ్మాయి కూడా ఏ వయసులో చేయించుకోవాలో రిపోర్టు వచ్చాక చెబుతాను” అంది.

వారం తర్వాత రిపోర్టు మంచిగానే వచ్చింది. ఆ కాగితం తీసుకుని అక్కాచెల్లెళ్లూ కూతురూ ఆస్పత్రి వరండాలో కూర్చున్నారు. “పెద్దమ్మా, అమ్మమ్మకి క్యాన్సర్ సరిగ్గా ఎక్కడొచ్చింది?” అని కూతురు గుసగుసగా అడిగింది.

అక్క నోరు తెరిచి, చుట్టూ కూర్చున్న జనాన్ని చూసి తటపటాయించింది. చిన్ని ఆమె చెయ్యి పట్టుకుంది.

“పెద్దపేగులోనమ్మా” అంది అక్క, గొంతు తగ్గించకుండా. “మలంలో రక్తం పోయేది. సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోలేకే చనిపోయింది మా అమ్మ!”

నలుగురు తల తిప్పి చూశారు. అక్క తల దించుకోలేదు.