గోడలో ఇరుక్కున్న సేఫ్టీ ఆఫీసర్

"లోపలికి వెళ్ళకూడదండి. ఈ ఇంటికి ఎమర్జెన్సీ ఎగ్జిట్ లేదు," అన్నాడు ఐజక్.

జెన్నిఫర్ ఆ ఇంటి వైపు చూసింది. ఇంటికి పైకప్పే లేదు. రెండు వైపుల గోడలు కూడా లేవు.

"ఎటునుంచైనా బయటికి రావచ్చు కదండీ," అంది.

జనవరిలో ఒక శనివారం, దుబాయ్‌లోని ఒక తెలుగు చర్చివాళ్ళు రెండు బస్సుల్లో రస్ అల్ ఖైమా వైపున్న జజీరా అల్ హమ్రాకి పిక్నిక్ వచ్చారు. ఒకప్పుడు అది ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాళ్ళు బతికిన దీవి. ఇప్పుడు మధ్యలోని పాయ పూడిపోయి ఒడ్డుతో కలిసిపోయింది. పగడపురాళ్ళతో కట్టిన ఇళ్ళు మాత్రం బీచ్ పక్కన ఖాళీగా నిలబడి ఉన్నాయి. అక్కడ జిన్నులనే దయ్యాలు తిరుగుతాయని డ్రైవర్ బస్సులోనే చెప్పాడు.

ఐజక్‌కి జిన్నులంటే భయం లేదు. పగుళ్ళంటే భయం. జెబెల్ అలీలో ఒక ఫ్యాక్టరీకి సేఫ్టీ ఆఫీసర్ అతను. పిక్నిక్‌కి కూడా పసుపు హెల్మెట్ పెట్టుకుని, గడ్డం కింద పట్టీ బిగించుకుని వచ్చాడు. పొద్దుటినుంచి గోడ గోడకీ నంబర్లు వేస్తున్నాడు. బిర్యానీ గిన్నెల చుట్టూ ఎర్ర టేపు కట్టాడని పిక్నిక్ పెద్ద రాజబాబు గారు అతని మీద విసుక్కున్నారు కూడా.

జెన్నిఫర్ అతని మాట వినలేదు. ఆమెకు కాసేపు ఒంటరిగా ఉండాలని ఉంది. షార్జాలో నర్సుగా చేస్తోంది. పన్నెండింటికి రాజోలునుంచి అమ్మ పరిమళ ఫోన్ చేస్తుంది. విశాఖ సంబంధానికి అవునో కాదో ఇవాళ తేల్చాలి. నైట్ డ్యూటీ అని చెప్పి ఐదు నెలలుగా తప్పించుకుంటూ వచ్చింది. అబ్బాయి మంచివాడేనట. అతని ఫోటో చూస్తే ఆమెకు ఏమీ అనిపించలేదు, అంతే.

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. పర్మిట్ లేకుండా ఐజక్ లోపలికి వెళ్ళకూడదు, ఆమెను అలా వదిలేసి పోనూకూడదు. అందుకని వెనకవైపుకి వెళ్ళి, గోడకున్న చిన్న కంతలోంచి తల దూర్చి, "చూడండి, అదిగో పగులు," అని చూపించబోయాడు.

తల లోపలికొచ్చింది. వెనక్కి పోలేదు. హెల్మెట్ అంచు రాయికి పట్టేసింది. చేతులు రెండూ గోడ అవతల ఉండిపోయాయి.

రాజబాబు గారూ, ఇద్దరు పెళ్ళికాని కుర్రాళ్ళూ పరిగెత్తుకొచ్చి బయటినుంచి అతని నడుం పట్టుకుని లాగారు. లాభం లేకపోయింది. జెన్నిఫర్ దగ్గరికొచ్చి పట్టీ విప్పుతానంది. పాడుబడ్డ కట్టడంలో హెల్మెట్ తియ్యకూడదని అతను ఒప్పుకోలేదు.

"అయితే ఇక్కడే ఉండిపోతారా?"

అతను నిజంగానే ఆలోచించాడు. "రూల్ అయితే అంతేనండి."

ఆమెకు నవ్వాగలేదు. గోడ పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఇంతగా నవ్వి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. అతను మాత్రం కోప్పడకుండా, ఆ నవ్వునే చూస్తూ ఉండిపోయాడు.

అప్పుడే వీడియో కాల్ వచ్చింది. పరిమళ నేరుగా విషయానికి వచ్చింది. విశాఖవాళ్ళు ఇక ఆగరట. నీ మనసులో ఇంకెవరైనా ఉంటే ఇప్పుడే చూపించు, లేకపోతే సాయంత్రం మాటిచ్చేస్తాను అంది.

జెన్నిఫర్ ఫోన్ గోడవైపు తిప్పింది.

"ఇతనమ్మా."

పరిమళ ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. "గోడలో ఉన్నాడేంటే?" అంది.

"వందనాలండి," అన్నాడు ఐజక్. అతని ముఖం ఎర్రబడింది. "అబద్ధం చెప్పడం నాకు రాదండి. మీ అమ్మాయి నాకు పొద్దున్న పదిన్నర నుంచే తెలుసండి. అప్పట్నించీ నేను ఒక్క గోడా సరిగ్గా చూడలేదండి, ఆయ్."

ఆ గోదావరి ‘ఆయ్’ వినగానే పరిమళ ముందుకు వంగింది. ఏ ఊరని అడిగింది. పాలకొల్లన్నాడు. తాగుతావా అంది. తాగనన్నాడు. ఏం పని అంటే చెప్పాడు. గోడ అవతల రాజబాబు గారు ఇంకా లాగుతూనే ఉన్నారు కాబట్టి, ప్రతి జవాబుకీ అతని మాట కాస్త వణికింది.

"ముందు ఆ పిల్లాణ్ణి బయటికి తియ్యి," అని పరిమళ ఫోన్ పెట్టేసింది.

జెన్నిఫర్ అతని గడ్డం కింద పట్టీ విప్పింది. ఈసారి అతను వద్దనలేదు. హెల్మెట్ ఇవతల పడింది, ఐజక్ అవతల రాజబాబు గారి మీద పడ్డాడు. ఆమె చుట్టూ తిరిగి వచ్చేసరికి చెవులు గీరుకుపోయి, ఇసుకలో కూర్చుని ఉన్నాడు. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, దూదితో చెవులు తుడిచింది.

"మీరు తప్పించుకోడానికి అలా చెప్పారని తెలుసండి. నేనేం మనసులో పెట్టుకోను," అన్నాడతను మెల్లిగా.

"తప్పించుకోడానికైతే బయట ఇంకో ఇద్దరున్నారు. ఫోన్ వాళ్ళవైపు తిప్పలేదు కదా," అంది జెన్నిఫర్, దూది పారేస్తూ.

ఫోన్ మళ్ళీ మోగింది.

"అప్పట్నించీ ఆలోచిస్తున్నానే. నేను తల ఒక్కటే చూశాను," అంది పరిమళ. "లేచి నిలబడమను. మనిషి మొత్తం చూడాలి."

ఐజక్ ఇసుక దులుపుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతను మొత్తం కనబడేదాకా జెన్నిఫర్ ఒక్కో అడుగూ వెనక్కి వేసుకుంటూ వెళ్ళింది. అలలు వచ్చి ఆమె మడమలు తడిపాయి.

"బాగానే ఉన్నాడే," అంది పరిమళ.

"అవునమ్మా," అంది జెన్నిఫర్.