రెండో జట్టుకీ బంతి

ఈస్టర్ ముందు ఉపవాస శుక్రవారాల్లో చేపలు వేయిస్తున్నప్పుడు థాడ్ దగ్గర ఫుట్‌బాల్ ఊసెత్తకూడదని అమెరికాలోని బఫెలోలో ఆ పారిష్ చర్చి హాలుకి వచ్చేవాళ్ళందరికీ తెలుసు. బెర్నీకి మరీ బాగా తెలుసు. అందుకే ఎత్తింది.

"రూలు మార్చక్కర్లేదు," అంది క్యాబేజీ సలాడ్ గిన్నె బల్ల మీద పెడుతూ. "మనవాళ్ళు ఆపలేకపోయారు, ఓడిపోయారు. అంతే."

నూనెలో చేప ముక్క వదలబోతున్న థాడ్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. వరసలో నిలబడ్డ ముసలాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జనవరిలో ఊరి జట్టు ఆ మ్యాచ్ పోగొట్టుకున్న దగ్గర్నుంచి ఊరు ఊరంతా మైల పట్టినట్టుంది. అలాంటి చోట ఈ మాటా?

"ఆపడం సంగతి తర్వాత. ముందు ఆడనివ్వాలి కదా," అన్నాడు థాడ్. "ఆటంతా సమానంగా కొట్టుకున్నారు. ఓవర్‌టైమ్ వచ్చింది. నాణెం ఎగరేశారు. టాస్ గెలిచినవాళ్ళు బంతి తీసుకుని నేరుగా వెళ్ళి, అవతలి గీత దాటించి టచ్‌డౌన్ చేశారు. ఆట అయిపోయిందన్నారు. బంతి విసరాల్సిన మన కుర్రాడు దాన్ని ముట్టుకోనేలేదు. హెల్మెట్ చంకలో పెట్టుకుని అలా చూస్తూ నిలబడ్డాడు, పెళ్ళికి పిలిచి విస్తరి వెయ్యనట్టు."

"అడ్డుకోవడం కూడా ఆటే బాబూ. అది చేతకాకపోతే ఎవరిది తప్పు?"

"అసలు నువ్వు ఈ ఊరి పిల్లవేనా?"

"నీకంటే పాతదాన్నే. నువ్వు పుట్టింది పక్క ఊరు హాంబర్గ్‌లో."

వరసలో నవ్వులు. థాడ్ చెవులు ఎర్రబడ్డాయి. అతను నది ఒడ్డున ఓట్స్ మిల్లులో పనిచేస్తాడు. ఆమె మూడో తరగతి పిల్లలకి పాఠాలు చెబుతుంది. చలికాలమంతా ఇద్దరూ కలిసి బంతి దొర్లించే బౌలింగ్‌కి వెళ్ళారు, మంచు ఎత్తిపోశారు, మ్యాచ్‌లు చూశారు. ప్రేమ అన్న మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ అనలేదు. అనకుండానే అంతా సాగిపోతుందని థాడ్ నమ్మకం.

బెర్నీ గరిటెతో సలాడ్ అటూ ఇటూ కదిపింది. గొంతు తగ్గించింది.

"అరిజోనాలో మా పిన్ని ఉంది కదా. వాళ్ళ స్కూల్లో ఉద్యోగం ఉందట. ఈస్టర్ వెళ్ళేలోపు ఏదో ఒకటి చెప్పమన్నారు."

థాడ్ గుండె జారి కడాయిలో పడ్డట్టయింది. వెళ్ళేవాళ్ళకి అడ్డం పడకూడదని వాళ్ళమ్మ చిన్నప్పటినుంచీ చెప్పేది. ఇప్పుడు ఒక్క క్షణం ఆలోచిస్తే తన నోట ఏం వస్తుందోనని భయమేసింది. అందుకని ఆలోచించలేదు.

"మంచి అవకాశం, వెళ్ళు," అన్నాడు గుక్క తిప్పుకోకుండా. "అక్కడ మంచు లేదు. ఎండ కాస్తుంది. నువ్వు తప్పకుండా వెళ్ళాలి."

బెర్నీ నోరు తెరిచింది. మూసుకుంది.

"అంతేనా?"

"అంతే. ఇంకేముంటుంది?"

ఆమె సలాడ్ గిన్నె చంకనెత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. వరసలో ఇంకా సగం మందికి సలాడ్ పడలేదు.

తను చేసిన తప్పేమిటో థాడ్‌కి అర్థం కాలేదు. మంచిమాటే కదా అన్నాడు.

హాలు వ్యవహారాలు చూసే వాల్ట్ గారు ఇదంతా బీరు గ్లాసు మీదుగా చూస్తూనే ఉన్నాడు. "ఒరే థాడ్, ఊరికే ఎందుకురా ఈ అరుపులు? మట్టల ఆదివారానికి ముందు శుక్రవారం స్టేజీ ఎక్కి అరుచుకోండి. ఓవర్‌టైమ్ రూలు మార్చాలా వద్దా. జనం వింటారు, ఇంకో నాలుగు ప్లేట్లు చేపలు తింటారు."

*

ఈస్టర్ ఇంకా తొమ్మిది రోజులుందనగా, ఆ శుక్రవారం హాలు కిక్కిరిసింది. ఎవరు ఏ పక్షమో వాల్ట్ గారు నాణెం ఎగరేసి తేల్చాడు. ఈ గొడవంతా నాణెం వల్లనే కాబట్టి అదే న్యాయమన్నాడు. నాణెం బెర్నీని రూలు మార్చాలనే పక్షంలో పడేసింది. మార్చకూడదని వాదించాల్సింది థాడ్.

"నాకు నమ్మకం లేని మాట నేనెలా చెప్పను?" అన్నాడు థాడ్.

"నీకు అలవాటేగా," అంది బెర్నీ పక్కకి చూస్తూ.

ఆ మాటకి అర్థం వెతుక్కుంటూనే అతను మైకు ముందుకి వెళ్ళాడు.

"ఎవరో ఒకరు ముందు ఆడాలి కదండీ," అని మొదలుపెట్టాడు. "ఆట ఎంతసేపని సాగదీస్తాం? ఆడేవాళ్ళవీ మోకాళ్ళే. ఎక్కడో ఒక చోట తెంచెయ్యాలి. గబుక్కున తెగిపోతే నొప్పి తక్కువ."

మొహమాటానికి ఎవరో ఇద్దరు చప్పట్లు కొట్టారు. బెర్నీ లేచింది. చేతిలో కాగితం లేదు.

"గబుక్కున తెగిపోతే నొప్పి తక్కువట. ఎవరికి తక్కువ? ముందు ఆడినవాడికి. తన మాట తను చెప్పేసుకున్నాడు, చేతులు దులుపుకున్నాడు, హాయిగా ఉన్నాడు. రెండోవాళ్ళ సంగతో? వాళ్ళూ రాత్రంతా సాధన చేసుకునే వచ్చారు. వాళ్ళ దగ్గరా ఏదో ఉంది. అదేమిటో ఎవరూ అడగలేదు. ముందు ఆడినవాడు చెడ్డవాడని నేనను. పెద్ద మనసుతోనే ఆడాడేమో కూడా."

"అమ్మాయ్, టచ్‌డౌన్‌కి పెద్ద మనసెందుకే?" అన్నాడు వాల్ట్ గారు.

హాలంతా నవ్వింది. బెర్నీ నవ్వలేదు. "ఓడిపోతే ఓడిపోతాం. ముందు బంతి చేతికివ్వండి," అని కూర్చుంది.

చేతులెత్తమన్నారు. బెర్నీ పక్షానికి అడవిలా లేచాయి. థాడ్ కూడా ఎత్తాడు. అది తన సొంత అభిప్రాయం మరి.

బయట చినుకు పడుతోంది, చినుకులో సగం మంచు. కోటు గుండీలు పెట్టుకుంటున్న ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"చాలా బాగా మాట్లాడావు. నా మనసులో మాటే చెప్పావు."

బెర్నీ అతన్ని ఎగాదిగా చూసింది. "నిజంగా నమ్ముతావా ఆ మాట?"

"ప్రాణం పెట్టి నమ్ముతాను."

"ప్రాణం పెట్టినచోటే కొంచెం బుర్ర కూడా పెట్టాల్సింది థాడ్," అని గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది.

ఆమెతో ఏకీభవించినా కోపమే, ఏకీభవించకపోయినా కోపమే. వానలో నిలబడి థాడ్ బుర్ర గోక్కున్నాడు. అరిజోనాలో ఈపాటికి ఎండ కాస్తూ ఉంటుంది.

*

ఈస్టర్ మరునాడు డింగస్ సోమవారం, పోలిష్‌వాళ్ళ నీళ్ళ పండగ. బ్రాడ్‌వే వీధి నిండా ఎర్రచొక్కాలు, పోల్కా పాటల మోత. మగపిల్లల చేతుల్లో నీళ్ళ తుపాకులు, ఆడపిల్లల చేతుల్లో మెత్తటి మొగ్గల విల్లో కొమ్మలు. నచ్చిన పిల్లని తడపాలి. తడిసిన పిల్ల కొమ్మతో కాళ్ళ మీద నాలుగు అంటించాలి. ఏ పిల్లా ఆ రోజు పొడిబట్టలతో ఇంటికి వెళ్ళకూడదు.

బెర్నీ ఊరేగింపు పక్కన వాళ్ళ బాబ్చా కుర్చీ వెనక నిలబడింది. బాబ్చా అంటే అమ్మమ్మ, పేరు స్టెఫానియా. బెర్నీ చేతిలో కొమ్మ ఉంది. థాడ్ చేతిలో నీళ్ళ సీసా ఉంది. అతను వస్తుంటే ఆమె కొంచెం ముందుకి జరిగింది కూడా.

థాడ్ ఆగాడు. వెళ్ళిపోయే పిల్ల. ఇప్పుడు తడిపితే మనసు ఇటు లాగొచ్చు. అడ్డం పడ్డట్టవుతుంది. సీసా కోటు జేబులో పెట్టుకుని, తల వంచి పలకరించి, ముందుకి సాగిపోయాడు.

పది బారలు పోయాక వెనక్కి చూస్తే ఆమె లేదు. కొమ్మ కుర్చీ చేతి మీద పడి ఉంది.

"ఇలా రా," అంది బాబ్చా. వచ్చాడు. ఆవిడ సంచీ పట్టి లాగినట్టు అతని కోటు చెయ్యి పట్టి వంచింది. "నా మనవరాలు ఎండిన కట్టెలా ఇంటికి పోయింది. దానికేం తక్కువ?"

"ఏం తక్కువ లేదు బాబ్చా. వెళ్ళిపోతోంది కదా, ఇబ్బంది పెట్టడం ఎందుకని."

"వెళ్తానని చెప్పిందా?"

"ఉద్యోగం ఉందని చెప్పింది."

"నేనడిగింది అది కాదు. వెళ్తానని చెప్పిందా?"

థాడ్ గుర్తు చేసుకున్నాడు. నూనె, చేపలు, సలాడ్ గిన్నె. ఉద్యోగం ఉందంది. తర్వాత మాట్లాడింది తనే. ఆమె నోరు తెరిచింది. తెరిచి మూసుకుంది.

"చెప్పలేదు," అన్నాడు నెమ్మదిగా.

"ఎందుకు చెప్పలేదు?"

"నేనే ముందు చెప్పేశాను. వెళ్ళమని."

"మరి హాల్లో అంత గోల చేశావే, మీ కుర్రాడి చేతికి బంతి ఇవ్వలేదని."

థాడ్‌కి హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. మొహం మాత్రం బెర్నీది.

బాబ్చా కొమ్మ ఒళ్ళోకి తీసుకుని మొగ్గలు నిమిరింది. "మా ఆయన సరుకు ఓడల్లో పనిచేసేవాడు. ఒకసారి ఎక్కబోతుంటే ఒక మాట అందామనుకున్నా. ఓడ కూత పెట్టింది. గబగబా ముద్దు పెట్టి ఎక్కేశాడు. చలికాలానికి తిరిగొచ్చాడులే. కానీ నాకు ఆ మాట ఏమిటో గుర్తు రాలేదు. ఇప్పటికీ రాదు."

"ఇప్పుడే వెళ్తాను," అన్నాడు థాడ్ కదలబోతూ.

"ఇవాళ వద్దు. నీ వంతు నువ్వు పాడుచేసుకున్నావు. మా అమ్మవాళ్ళ ఊళ్ళో సోమవారం మగపిల్లలది, మంగళవారం ఆడపిల్లలది. ఇక్కడికొచ్చాక మంగళవారం పనుల్లోకి పోవాలని అన్నీ ఒక్కరోజులో కుక్కేశారు." ఆవిడ కోటు చెయ్యి వదిలింది. "రేపు రా. మంచి బట్టలు వేసుకోకు."

*

మంగళవారం ఉదయం మబ్బుగా ఉంది. మిల్లు మీంచి వేయించిన ఓట్స్ వాసన వీధంతా పరుచుకుంది. థాడ్ వెళ్ళి బెర్నీవాళ్ళ ఇంటి ముందు నిలబడ్డాడు. కింది వాటాలో బాబ్చా, పై వాటాలో బెర్నీ. బాబ్చా చెప్పినా వినక ఇస్త్రీ చొక్కాయే వేసుకొచ్చాడు.

"బెర్నీ," అని పిలిచాడు. "నేను ఆ రోజు…"

పై వసారా లోంచి ఒక గిన్నెడు చన్నీళ్ళు నెత్తిన పడ్డాయి. ఏప్రిల్ నీళ్ళు. ఊపిరాగినంత పనైంది.

"నువ్వు మాట్లాడకు," అంది బెర్నీ పైనుంచి. "నిన్న నీ వంతు. వాడుకోలేదు. ఇవాళ నాది. విను. ఆ ఉద్యోగం వద్దని శనివారమే చెప్పేశాను. అది నీ కోసం కాదు. మా క్లాసు పిల్లల కోసం, బాబ్చా కోసం. ఎండంటే నాకు పడదు, ఒళ్ళంతా దద్దుర్లు. ఆ రోజు నేను చెప్పబోయింది అదే. నువ్వు చెప్పనివ్వలేదు. ఒక్కడివే ఆడేసి, ఒక్కడివే గెలిచేసి, ఇంటికి పొమ్మన్నావు."

థాడ్ గెడ్డం మీంచి నీళ్ళు కారుతున్నాయి. తడిసిన కోడిపుంజులా ఉన్నాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి.

"ఇప్పుడు మాట్లాడొచ్చా?"

"నా వంతు అయింది. మాట్లాడు."

"ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. నువ్వు వెళ్ళడం నాకిష్టం లేదు. కాస్త కూడా లేదు. ఆ మాట అంటే నిన్ను కట్టేసినట్టవుతుందని భయమేసింది."

పైన గిన్నె ఠంగుమంది. తర్వాత మెట్ల మీద అడుగుల చప్పుడు. తలుపు తీసుకుని తువ్వాలుతో బయటికొచ్చింది. అతని తల తుడవబోయి ఆగింది. థాడ్ కోటు జేబులోంచి నిన్నటి సీసా తీసి, మూత తిప్పి, ఆమె నుదుటి మీద రెండంటే రెండు చుక్కలు వేశాడు.

"ఇవాళ చెల్లదు," అంది బెర్నీ. కానీ తుడుచుకోలేదు, తువ్వాలు ఇద్దరి నెత్తినా కప్పింది.

"ఇప్పుడు స్కోరెంత?"

"ఇద్దరికీ చెరోసారి అయింది. సమానం."

"సమానమైతే ఏం చేస్తారు?"

"ఇక ఎవరు ముందు కొడితే వాళ్ళదే ఆట."

"బెర్నీ, నువ్వంటే నాకు…"

"థాడ్, నువ్వంటే నాకు…"

ఇద్దరూ ఒక్కసారే మొదలుపెట్టి ఒక్కసారే ఆగిపోయారు.

"నువ్వు చెప్పు ముందు."

"లేదు, నువ్వే."

"నువ్వే చెప్పాలి, రూలు మారింది."

కింది కిటికీ తెరుచుకుంది. బాబ్చా తల బయటపెట్టి, ఒకే తువ్వాలు కింద నిలబడ్డ ఇద్దర్నీ చూసింది.

"కాఫీ కలిపాను, లోపలికొచ్చి తేల్చుకోండి," అంది. "ఇది ఇప్పట్లో తెమిలే ఆట కాదు."