బోర్డు మీద లేని కందగడ్డ

ధాత్రి నవ్వింది. హాలంతా నవ్వింది. సిద్ధార్థ్ నవ్వలేదు.

గల్ఫ్ నగరంలోని ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో తెలుగు కుటుంబాల శుక్రవారం ఆట అది. అమెరికా టీవీలో ఒక షో వస్తుంది. వందమందిని ముందే ఒక ప్రశ్న అడిగి ఉంచుతారు. వాళ్ళేం చెప్పారో రెండు జట్లు ఊహించాలి. ధాత్రికి ఆ షో పిచ్చి. వాట్సాప్‌లో వందమందిని తనే అడిగింది. బోర్డు తనే రాసింది. మైకూ తనే పట్టింది.

"శివరాత్రి ఉపవాసం విడిచేటప్పుడు ఏం తింటారు?"

సిద్ధార్థ్ గంట కొట్టాడు. "కందగడ్డ!"

"కందా? గొంతు దురద పెట్టదా అండీ?"

"దురదెందుకు పెడ్తది? ఉడకబెట్టుకొని తింటం. తియ్యగుంటది."

"కంద తియ్యగా ఉంటుందట! మీ జగిత్యాలలో కత్తిపీట కూడా తియ్యగా ఉంటుందేమో!"

బోర్డు మీద కందగడ్డ లేదు. అతని జట్టు ఓడింది.

రెండు నెలలుగా లిఫ్టులో చూపులు, మెట్ల మీద మాటలు. ఆ సాయంత్రమే ధాత్రి తండ్రి సుధాకరరావుతో పెళ్ళిమాట ఎత్తాలని ఇద్దరూ అనుకున్నారు. సిద్ధార్థ్ ఎత్తకుండానే వెళ్ళిపోయాడు.

మూడు రోజులు ఫోను తీయలేదు. ధాత్రి బాల్కనీలోకి వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది.

"జోకు కూడా పడనివాడితో ఎలా బతకనమ్మా?"

"జోకా? నలుగురిలో ఆ అబ్బాయి మాటను వెక్కిరించావు" అంది సుబ్బలక్ష్మి. "కందగడ్డంటే వాళ్ళకేమిటో అడిగావా?"

అడగలేదు. పాత జవాబులు తెరిచింది. పద్నాలుగుమంది కందగడ్డ అనే రాశారు. తమాషాకి రాశారనుకుని తనే కొట్టేసింది. ఒకామె ఫొటో కూడా పెట్టింది. వాళ్ళు కందగడ్డ అనేది చిలగడదుంపనే. బోర్డు మీద మొదటి జవాబు అదే.

అడిగుంటే ఒక్క నిమిషం పట్టేది.

తప్పంతా గ్రూపులో రాసి, అతని స్నేహితుడు తల్హాకు ఫోను చేసింది.

"అల్ రువైస్ పోర్టుల డ్యూటీ. కంపెనీ మస్కట్ పొమ్మంటున్నది. పొద్దుగూకేలోపల బదిలీ కాయితం మీద సంతకం చేస్తడు."

ధాత్రికి లైసెన్సు లేదు. సుధాకరరావు కారు తీశాడు. గంటన్నర దారిలో ధాత్రి అంతా చెప్పేసింది.

జెట్టీ దగ్గర సిద్ధార్థ్ హెల్మెట్ తీయకుండానే నిలబడ్డాడు.

"తప్పు నాదే. గ్రూపులో రాశాను, చూశావా?"

"చూసిన."

"మరి?"

"ఓడినందుకు కాదు ధాత్రీ. నా మాటే నీకు నవ్వులాటైతే, రేపు మా అమ్మ నీతోని ఎట్ల మాట్లాడ్తది?"

ఆమెకు చమత్కారం తోచలేదు. మొదటిసారి.

"అర్థం కాకపోతే అడుగుతాను. నవ్వను. నవ్వితే అక్కడే తిట్టు."

"తిట్టుడు నాకు రాదు."

"నేర్పిస్తా."

అతని పెదవి కొంచెం కదిలింది.

సుధాకరరావు కారు దిగాడు. "నాతో ఏదో మాట్లాడాలనుకున్నావటగా. ఎప్పుడు?"

"శుక్రవారం, అంకుల్."

"ఇవాళ మంగళవారం."

సిద్ధార్థ్ హెల్మెట్ తీశాడు. కంపెనీకి ఫోను కలిపాడు.

"సార్, మస్కట్ మాఫీ, వద్దు. నేను పోను."

అవతల మేనేజరు అరుస్తూనే ఉన్నాడు. సిద్ధార్థ్ ఫోను జేబులో పెట్టేసి, సుధాకరరావు వైపు తిరిగాడు.

"ఇప్పుడు మాట్లాడ్త, అంకుల్."