సుల్తాన్ పంపిన అంగీ

ఇస్తాంబుల్ నుంచి వచ్చిన వార్తాహరుడు కోట గుమ్మం దాకా వచ్చి, గుర్రం దిగకుండానే చచ్చిపోయాడు. వీపులో రెండు తుపాకి గుళ్లు.

జెనెల్ షోరా శవాన్ని కిందికి దించి, చొక్కా అంచు కుట్లు విప్పాడు. లోపల చిన్న గుడ్డపీలిక దొరికింది. నిప్పుల మీద పట్టగానే నిమ్మరసంతో రాసిన అక్షరాలు గోధుమరంగులో పైకి తేలాయి.

"కానుక ప్రాణం తీస్తుంది. మీ ఇంట్లోనే వాళ్ల మనిషి."

సుల్తాన్ కింద ఆ కొండసీమను ఏలే ముర్తెజా పాషాకు కళ్లూ చెవులూ జెనెల్. నలభై ఏళ్లవాడు. రెండోసారి చూసినా గుర్తుండని ముఖం. సంతలో గొర్రెల కాపరి, రేవులో సన్యాసి, అవసరమైతే ముష్టివాడు. ఆ ముఖంతోనే పన్నెండేళ్లు బతికాడు.

పాషా ఉత్తరపు గోడ దగ్గర తాపీ పనివాళ్లను చూస్తూ నిలబడ్డాడు. జెనెల్ పీలిక చేతికిచ్చాడు.

"ఇది ఎంతమంది చూశారు?"

"గుమ్మం కాపలావాళ్లు ఇద్దరు."

"నోరు జారితే?"

"జారదు దొరా. ఇద్దరినీ ఇప్పుడే పాతిపెట్టించి వస్తున్నా."

పాషా తలూపాడు. ఆ విషయం అక్కడితో అయిపోయింది.

"విను. పదేళ్లుగా సుల్తాన్ యుద్ధాలకు నేనొక్క సిపాయినీ పంపలేదు. వ్లోరా రేవులో ఫ్రెంచివాళ్ల ఓడలు నా కోసం మందుగుండు దింపుతున్నాయి. ఈ నేల మాది, మేమే ఏలుకుంటామని నేను నోరు తెరిచి అనలేదు. కానీ ఇస్తాంబుల్‌లో వంటవాడికి కూడా ఆ సంగతి తెలుసు. ఇప్పుడేమో క్షమించాడట! నెజీబ్ ఆగా అనే దూత వస్తున్నాడు. గుర్రం, కత్తి, జపమాల, సన్మానపు అంగీ తెస్తున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం మన కొండదొరలు బేలందరి ముందూ తీసుకోవాలి."

"వద్దంటే?"

"తిరుగుబాటు అన్నట్టు. మొనాస్తిర్‌లో ఇరవై వేలమంది సుల్తాన్ సైనికులు ఆ మాట కోసమే కాచుక్కూచున్నారు. ఈ గోడకేమో ఇంకా రెండు నెలల పని ఉంది." పాషా రాయి మీద అరచేత్తో కొట్టాడు. "నాలుగు కానుకల్లో ఏది చంపుతుందో కనిపెట్టు. ఇంట్లో పామెవరో పట్టుకో. అదే నీ మిషన్."

ఆ ఏడు సెలానిక్‌లో ప్లేగు. తూర్పు నుంచి ఎవరొచ్చినా ఓసుమ్ నది వంతెన దగ్గర పాషా పెట్టిన క్వారంటైన్‌లో ఆగి తీరాలి. బుధవారం పొద్దున దూతగారి బృందం అక్కడికి చేరేసరికి, ఒళ్లంతా మైనపు గుడ్డ చుట్టుకుని, మూతికి వెల్లుల్లి సంచి కట్టుకుని, గంధకం కుంపటి దగ్గర కూర్చుని సామాన్లకు పొగ పట్టించే పొగవాడు మన జెనెలే.

"ఒరే పొగగాడా, జాగ్రత్త! అది సుల్తాన్ గారి సీలు," అని దూత వెంట వచ్చిన గుమాస్తా కసిరాడు.

"సీలు చూసి రోగం సలాము కొట్టి పోదు బాబూ. ఇటివ్వండి."

గుర్రానికి పొగ పట్టించాడు. కత్తినీ జపమాలనూ పుల్లటి ద్రాక్షకాడిలో ముంచి తీశాడు. ఉత్తరాలను పట్టకారుతో పట్టుకుని పొగలోకి పెట్టాడు. ఆ పట్టకారు పిడి బోలుది. లోపల గుర్రపు వెంట్రుకంత సన్నని ఇనప తీగ ఉంది. నిప్పులో కాల్చి లక్క కిందికి పోనిస్తే సీలు చెదరకుండా ఊడి వస్తుంది. దట్టమైన పొగ చాటున ఒక ఉత్తరం విప్పాడు.

"అత్తరుకు: శుక్రవారం జాలీ వెనకే ఉండు, కిందికి రాకు. ఆ తర్వాత తొమ్మిది రోజులు ఎవరి దగ్గరికీ పోకు."

అత్తరు కోడ్ పేరు. దర్బారు పైన జాలీ తెర వెనక కూర్చునేది ఆడవాళ్లే, అయినా మనిషెవరో తేలలేదు.

చివరికి అంగీ పెట్టె మిగిలింది. నెజీబ్ ఆగా స్వయంగా అడ్డం వచ్చాడు. సన్నగా, తెల్లగడ్డంతో, మర్యాద ఉట్టిపడే మనిషి.

"ఇది తెరవకూడదు నాయనా. పైపైన కానిచ్చెయ్."

"చిత్తం ఆగా గారూ."

కుంపటి పెట్టె చుట్టూ తిప్పుతూ, దాన్ని మోస్తున్న నలుగురినీ చూశాడు జెనెల్. నలుగురికీ దవడ కింద ముడతలుపడ్డ పాత మచ్చలు. అలాంటి మచ్చ అతని అన్నకూ ఉండేది. ప్లేగు గడ్డ పగిలి మానిన మచ్చ. ఒకసారి వచ్చి బతికినవాడి జోలికి ఆ రోగం మళ్లీ రాదని రేవులో చేపలమ్మేవాళ్లకూ తెలుసు. అలాంటివాళ్లను నలుగురిని ఏరి తెచ్చి ఒక్క పెట్టెకే పెట్టారంటే లోపలి బట్ట ఏ రోగంతో పోయిన శవం మీంచి తీసిందో అడగక్కర్లేదు.



ఆ సాయంత్రం కోట తోటలో మదామ్ ఓర్సొలా ఎదురైంది. రగూజా నుంచి వచ్చిన వితంతువు. రెండేళ్లుగా వెనిస్ రహస్యాలు పాషాకు చేరవేస్తూ ఇక్కడే ఉంటోంది. ఆమె నవ్విందంటే ముసలి బేలు కూడా మీసం సర్దుకుంటారు. పాషా మనవరాలు, ఏడేళ్ల ఫెరిదె, రోజంతా ఆమె కుచ్చిళ్లు పట్టుకునే తిరుగుతుంది.

"ఏమయ్యా జెనెల్, పొగకంపు కొడుతున్నావు. ఏ ఇల్లు తగలబెట్టొచ్చావు?"

"మీ దయవల్ల ఇవాళ ఏదీ లేదు."

ఆమె నవ్వి, గొంతు తగ్గించింది. "ఒక సాయం చెయ్. ఎండలు మండుతున్నాయి. పిల్లని తొమొర్ కొండ మీద గొర్రెల మందల దగ్గరికి పంపమని పాషాగారికి చెప్పు. నేను చెబితే వినరు. రేపే పంపాలి."

"ఎన్నాళ్లు?"

"ఎంతో కాదు. తొమ్మిది రోజులు చాలు."

జెనెల్ సరేనని ముందుకు నడిచాడు. పది అడుగులు వేశాక గోడ పట్టుకుని ఆగాడు. డబుల్ ఏజెంట్లు డబ్బుకో భయానికో దొరికిపోవడం చూశాడు. పసిదాని మీద ప్రేమతో దొరికిపోయినదాన్ని ఇప్పుడే చూస్తున్నాడు.

జెనెల్ అంతా పాషాకు చెప్పాడు.

"ఆగాని వంతెన దగ్గరే లేపేద్దామా దొరా?"

"అక్కడ నా రొట్టె తింటున్న అతిథి వాడు. అతిథిని చంపినవాడికి ఈ కొండల్లో నీళ్లు కూడా పుట్టవు. బేలే నన్ను నరుకుతారు." పాషా నవ్వాడు. "చంపను. సన్మానిస్తాను."

"మరి పిల్ల?"

"ఉంటుంది. ఇప్పుడు పంపితే మనకు తెలిసిపోయిందని ఆగా పసిగడతాడు."

"పోనీ పైగదిలో తాళం..."

"జెనెల్." పాషా గొంతు పెంచలేదు. "ప్రతి దర్బారుకూ అది జాలీ వెనక కూర్చుంటుంది. ఎల్లుండీ కూర్చుంటుంది."

శుక్రవారం మధ్యాహ్నం. ముప్ఫైమంది బేలు, నడుముల్లో వెండి పిస్తోళ్లు. పాషా సుల్తాన్ ఆజ్ఞను ముద్దుపెట్టుకుని నుదుటికి ఆనించాడు. నలుగురు మోతగాళ్లూ పెట్టె తెరిచి అంగీ పైకెత్తారు. ఆకుపచ్చ మఖమలు, నేల దాకా నల్లటి మెత్తని బొచ్చు అంచు. నెజీబ్ ఆగా రెండడుగులు వెనక్కి వేశాడు.

అంగీ పాషా భుజానికి జానెడు దూరంలోకి వచ్చింది. అప్పుడు పాషా చెయ్యెత్తాడు.

"ఆగండి. మంచి మాట మోసుకొచ్చిన అతిథికే మా ఇంట్లో మొదటి బట్ట. ఇది ఆగా గారికి తొడగండి."

ఆగా ముఖం బూడిదైంది. "పాషా గారూ, ఇది తమరి పేరున వచ్చింది."

"నా పేరున వచ్చింది గనక నాది. నాది నా అతిథికిస్తాను. ఏం, సుల్తాన్ గారి అంగీ మీకు గుచ్చుకుంటుందా? బేలంతా వింటున్నారు. వద్దంటే ఎందుకో చెప్పండి."

 ఎప్పుడూ ఒక్క మాట మీదికి రాని ముప్ఫైమంది ఆగా వంకే చూస్తున్నారు. సుల్తాన్ బహుమతిగా చావును పంపాడని తెలిసిందా, ఈ ముప్ఫైమందీ అతని మీద ఒకటవుతారు. అది ఆగాకు అర్థమైంది. పాషా కళ్లలోకి చూసి, చిన్నగా నవ్వి, చేతులు చాచాడు.

"ఎంత మాట! ధన్యుణ్ణి."

"గుండీలు పెట్టాలి కదా. మదామ్ ఓర్సొలా, కిందికి రండి. ఈ క్షమాభిక్ష మీ చలవేనట!"

ఆమె మెట్లు దిగి వచ్చింది.  ఒక్కసారి జెనెల్ వైపు చూసి, తల వంచి మొదటి గుండీ పెట్టింది.

అప్పుడు మెట్ల మీద చిన్న అడుగులు వినిపించాయి.

"ఓర్సొలా అత్తా, నేనూ చూస్తా!"

మెట్ల చివర నిలబడింది జెనెలే. చెయ్యి చాస్తే చాలు, పిల్ల ఆగిపోతుంది. కానీ ఎందుకు ఆపావని బేలు అడుగుతారు. పాషాకు ముందే తెలుసని, అతిథికి తెలిసే చావు తొడిగాడని తేలిపోతుంది. జెనెల్ పాషా వైపు చూశాడు. పాషా రెప్ప వాల్చలేదు.

జెనెల్ చెయ్యి నడుము దగ్గరే ఉండిపోయింది. ఫెరిదె అతన్ని దాటుకుని పరిగెత్తింది.

"పోవే! పైకి పో!" ఓర్సొలా అరిచింది. అప్పటికే పిల్ల బొచ్చు అంచు రెండు చేతులా పట్టుకుని చెంపకు ఆనించుకుంది.

"ఎంత మెత్తగా ఉందో!"

దూతనూ, ఓర్సొలానూ, మోతగాళ్లనూ సకల మర్యాదలతో అతిథిగృహంలో పెట్టి బయట గొళ్లెం వేశారు. మూడో రోజు జ్వరం. అయిదో రోజు ఆగా పోయాడు. ఆరో రోజు జెనెల్ పొడవాటి కర్ర చివర రొట్టె, మజ్జిగ కట్టి కిటికీలోకి అందించాడు. ఓర్సొలా గోడ పట్టుకుని వచ్చింది. మెడ వాచిపోయి ఉంది.

"పిల్లని పంపారా?"

"పంపాం. ఆ సాయంత్రమే."

"బాగుందా?"

"గొర్రెపాలు తాగి, నువ్వు నేర్పిన పాట పాడుతోందట. కాపరులు చెవులు మూసుకుంటున్నారట."

ఆమె నవ్వింది. పెదవులు చిట్లి నెత్తురొచ్చింది. "చూశావా జెనెల్, నేనే గెలిచాను. ఒక్క ప్రాణాన్నయినా బయటపడేశాను."

"అవును మదామ్. నువ్వే గెలిచావు."

ఆ పొద్దునే ఫెరిదెను పాతిన గుంట మీద సున్నం పోసి వచ్చాడతను. చేతుల పగుళ్లలో ఇంకా తెల్లగా ఉంది.

మరో వారానికి పాషా అతన్ని ఉత్తరపు గోడ మీదికి పిలిపించాడు. సుత్తుల చప్పుడు ఆగకుండా వస్తోంది. మొనాస్తిర్‌లో సైన్యం సాకు దొరక్క కదలకుండా ఉంది. పాషా ఒక్కసారిగా ముసలివాడైపోయాడు. గొంతు మాత్రం మారలేదు.

"ఇస్తాంబుల్‌కు రాయి. దూతగారు దారిలో తగిలిన జబ్బుతో మరణించారు. తగిన మర్యాదలతో ఖననం చేశాం."

జెనెల్ రాశాడు. కలం ఆగింది. "చివర ఏమని ముగించమంటారు దొరా?"

పాషా కొత్త రాళ్ల వరస వంక చూస్తూ అన్నాడు.

"ఎప్పుడూ రాసేదే. తమ దయవల్ల ఇక్కడ మేమంతా క్షేమం."