లెక్కకు రాని ఈగలు

“తోటలోకి ఈగల్ని వదిలేదానికి కూడా అంత సదువు సదవాల్నా సారూ?”

నాగవేణి దారికి అడ్డంగా నిలబడి అడిగింది. కార్వేటినగరం దగ్గర ఆ మామిడితోట నాయన మునిరామయ్యదే అయినా పెత్తనమంతా ఆమెదే. నిరుడు కాయల్లో పురుగుందని గుజ్జు ఫ్యాక్టరీ లోడు మొత్తం వెనక్కి పంపింది. ఈసారీ అలాగే జరిగితే చెట్లు కొట్టించేస్తానని నాయన పట్టుబట్టాడు. అలాంటి తోటలోకి తిరుపతి నుంచి ఈ మునిశేఖర్, పరిశోధన అంటూ అట్టపెట్టెల నిండా ఆ పురుగును పుట్టించే పండు ఈగల్నే మోసుకొచ్చాడు. ఎవరికైనా అనుమానం రాదూ?

“ఇవన్నీ మగవేనండీ. రేడియేషన్ పెట్టాం. జత కడతాయి గానీ పిల్లలు పుట్టవు. గుర్తుకోసం గులాబీ పొడి చల్లాం.”

“అంటే, పెండ్లి పేరుతో మోసం!”

“మోసమే. ఆడ ఈగలకు. మీకు కాదు.”

ఆమెకు నవ్వొచ్చింది. నమ్మకం మాత్రం రాలేదు.

అతని లాప్‌టాప్‌లో లెక్క సులువుగానే ఉంది. తోటలో పుట్టిన మగ ఈగ ఒకటికి, అతను వదిలినవి పది ఉండాలి. అప్పుడే పురుగు తగ్గుతుంది. వారాలు గడిచినా గులాబీవి పది కాదు గదా, మూడు కూడా తేలలేదు.

“మందేమైనా కొట్టారా?”

“నేనా? మీ ఈగలు మంచివైతే ఈడే ఉంటాయి గదా!” అంది, ఎటో చూస్తూ.

ఈసారి అనుమానం అతని వంతైంది. మర్నాడు చెప్పకుండా వచ్చి తోటంతా వెతికాడు. కొమ్మల చాటున ఎర బుట్టలు వేలాడుతున్నాయి. మూత తీస్తే చచ్చిన ఈగలు, సగానికి పైగా గులాబీవే.

“ఈ ఎర వాసనకు మగవే వచ్చి పడతాయండీ! గుడ్లు పెట్టే ఆడవి హాయిగా తిరుగుతున్నాయి. మీ తోటను మీరే పాడుచేసుకుంటున్నారు!”

“మీ ఈగలు నా కాయల్ని తినేస్తాయని బయ్యమేసింది సారూ. చెట్లు పోతే నేను యాడికి పోవాల?”

అతని కోపం ఎటు పోయిందో! ఇద్దరూ కలిసి బుట్టలు విప్పారు.

కోతల నాటికి కాయల్లో పురుగు లేదు. ఫ్యాక్టరీ లోడు తీసుకుంది. నాయన గొడ్డలి మాటే ఎత్తలేదు.

గేటు పక్క చెట్టు దగ్గర మాత్రం లెక్క కుదరడం లేదు. అది తేల్చాలని మునిశేఖర్ వస్తూనే ఉన్నాడు. ఒకరోజు ఆ చెట్టు కొమ్మ వంచాడు. ఆకుల్లో ఒక బుట్ట!

“ఇంకా నా మీద నమ్మకం లేదా?”

“లేకుంటే అన్నీ ఉంచేదాన్ని.”

“మరి ఇదెందుకు?”

నాగవేణి చున్నీ కొస వేలికి చుట్టుకుంది. “లెక్క కుదిరిపోతే నువ్వు రావు గదా.”

‘సారు’ పోయి ‘నువ్వు’ వచ్చిందని అతను గమనించాడు. మెల్లగా బుట్ట విప్పి ఆమె చేతిలో పెట్టాడు.

“మీ నాయన ఇంట్లో ఉండాడా?”